మందు దట్టించు పాతకాలపు రైఫిలు: ఒక వేడుక

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ప్రబంధములలోని ఋతువర్ణనలను గూర్చి మాటలాడవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను తుపాకిని గూర్చి మాటలాడెదనంటిని. ఆయన కొంతసేపు నా మొగము చూచి, "కరణంగారూ, తమకు తుపాకితో ఏమి పని?" అని అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. మా తండ్రిగారు ఈ ఊరి కరణము. 1984లో ఆ పదవిని ప్రభుత్వము రద్దు చేసినది. నేను సహకార సంఘపు లెక్కలు వ్రాసికొనువాడను. అయినను ఊరివారు నన్ను కరణమనియే పిలుచుచున్నారు. కలము తప్ప వేరొక ఆయుధము పట్టినవాడను కాను. చదివిన నాలుగు కావ్యములును గురుముఖమున చదివినవి కావు. మా తండ్రిగారి అటక మీదను, ఈ గ్రంథాలయపు బీరువాలలోను దొరకినవే. అట్టివాడు తుపాకి మాట యెత్తుటకు కారణమున్నది. అది ప్రసంగములోనే తెలియగలదు.

మా అక్కగారి కుమారుడు అమెరికాలో సిన్సినాటి పట్టణమున నుద్యోగము చేయుచున్నాడు. 2019వ సంవత్సరము సెప్టెంబరు మాసమున నేనచటికి వెళ్ళియుంటిని. ఒకనాడు వాడు, "మామయ్యా, ఎత్తైన మేడలు చూచి విసిగితివి. నీకు నచ్చు పాతవస్తువొకటి చూపెదను రా" యని కారులో నన్ను ఇండియానా రాష్ట్రములోని ఫ్రెండ్‌షిప్ అను చిన్న ఊరికి తీసికొనిపోయినాడు. స్నేహమని ఆ ఊరి పేరునకర్థము. ఊరిచుట్టు గుట్టలు, చెట్లు, ప్రక్కనొక వాగు. కారు దిగగానే నా ముక్కునకు సోకినది తెల్లని పొగ వాసన. దీపావళి మఱునాటి యుదయమున మన వీథులలో నుండు వాసన వంటిదే గాని, దానికంటె ఘాటైనది. ఆ వాసన నాకు క్రొత్తది కాదు. ముప్పదియెనిమిది సంవత్సరముల క్రిందట నేనెఱిగినదే. కాళ్ళు కొంచెము వణికినవి. మేనల్లునితో ఏమియు చెప్పలేదు.

ఆ ఊరిలో మూతినుండి మందు దట్టించి కాల్చు తుపాకుల వారి జాతీయ సంఘమున్నది. 1931లో ఒహాయో రాష్ట్రములోని పోర్ట్స్‌మౌత్ పట్టణమున కొందఱు ఔత్సాహికులు పాత రైఫిళ్ళు తెచ్చి పందెము వేసికొనిరట. తాతలనాటి తుపాకులు అటకలపై త్రుప్పు పట్టి పోవుచున్నవని, వాటిని కాల్చు విద్య నెఱిగినవారు ఒక్కరొక్కరే కాలధర్మము నొందుచున్నారని వారి చింత. 1933లో సంఘమేర్పడినది. సంవత్సరమునకు రెండుమార్లు, వేసవి మొదట నొకసారి, సెప్టెంబరులో నొకసారి, ఫ్రెండ్‌షిప్‌లో గొప్ప పోటీలు జరుగుచున్నవి. 1971లో ఇట్టి సంఘములన్నిటికి అంతర్జాతీయ మండలి కూడ నేర్పడినది. అచట చంపబడునది ఏదియు లేదు. ఇరువదియైదు గజములు, ఏబది గజములు, నూరు గజముల దూరమున కాగితపు గురులు కట్టుదురు. నల్లని చుక్కకు తూట్లు పొడుచుటయే పందెము. స్త్రీలు, పిల్లలు, ఎనుబదియేండ్ల ముదుసళ్ళు అందఱునుండిరి.

ఇక నా వస్తువును వర్ణించవలెను. తుపాకి యను మాట తురుష్క భాషనుండి మనకు వచ్చినది. మనవారిలో కొందఱు శుక్రనీతిలో అగ్నిచూర్ణము, నాళికాయుధము వర్ణింపబడినవి కనుక తుపాకి మనదేయని వాదింతురు. ఆ శ్లోకములున్న మాట నిజమే. సురేకారము, గంధకము, బొగ్గు పాళ్ళు కూడ చెప్పబడినవి. కాని ఆ గ్రంథమిపుడున్న రూపమున మిక్కిలి ఈవలి కాలపుదని పరిశోధకులు పలువురు తేల్చిరి. తాతల గొప్ప కొఱకు తారీఖులు దిద్దుట లెక్కలు వ్రాయువాడు చేయరాని పని. మన దేశచరిత్రలో తుపాకికి తిరుగులేని సాక్ష్యములు వేఱే కలవు. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినపుడు, క్రిస్టొవావొ డి ఫిగెరెడొ అను పోర్చుగీసువాడు తన తుపాకివాండ్రతో రాయల పక్షమున నిలిచి, కోటగోడపై తల చూపినవారిని చూపినట్లే పడగొట్టెనని నూనిజు వ్రాసియున్నాడు. అవి జామగీత్రాటితో నిప్పంటించు తుపాకులు. వానచినుకు పడినచో వాని ప్రతాపము సరి.

ఆ త్రాటికి బదులు చెకుముకిరాయి వచ్చినది. తుపాకి గుఱ్ఱము దవడలో చెకుముకిరాయిని బిగింతురు. మీట లాగినపుడు గుఱ్ఱము ముందునకు దూకి ఉక్కురేకును గీరును. నిప్పురవ్వలు క్రింది గిన్నెలోని రంజకముపై పడును. రంజకము భగ్గున మండి, గొట్టపు చెవిలోని సన్నని రంధ్రము గుండ లోని మందునంటించును. అపుడు గుండు వెడలును. ఒక్కొక్కప్పుడు రంజకము మండును గాని లోని మందంటుకొనదు. పొగ వచ్చును, గుండు రాదు. ఆర్భాటము చేసి పని చేయనివానిని గూర్చి ఆంగ్లేయులు నేటికిని గిన్నెలో మెఱపని చెప్పుకొనుట దీనినుండియే. మన సంఘములోను అట్టి సభ్యులు ఒకరిద్దఱు లేకపోలేదు.

తుపాకికిని రైఫిలునకును భేదమేమి? మామూలు తుపాకి గొట్టము లోపల అద్దమువలె నునుపుగా నుండును. రైఫిలు గొట్టము లోపల గాడులుండును. ఆ గాడులు తిన్నగా పోక మెలిక తిరుగుచు పోవును. ఆ మెలికలో పడి వచ్చిన గుండు బొంగరమువలె తనచుట్టు తాను తిరుగుచు పోవును. తిరుగు బొంగరము పడిపోదు కదా. తిరుగు గుండు కూడ దారి తప్పదు. నునుపు తుపాకి నూరు గజములలోపుననే నమ్మదగినది కాగా, మంచి రైఫిలు రెండువందల గజముల దూరమున గుఱి తప్పదు. ఈ ఉపాయము పదునాఱవ శతాబ్ది తొలినాళ్ళకే జర్మను దేశములలో తెలియును. అచటి అడవులలో వాడు పొట్టి రైఫిలును పదునెనిమిదవ శతాబ్దిలో జర్మనులు, స్విస్సువారు వలస వెళ్ళుచు పెన్సిల్వేనియాకు కొనిపోయిరి. లాంకాస్టరు ప్రాంతపు కమ్మరులు దానిని క్రొత్త దేశమునకు తగినట్లు మార్చిరి. గొట్టము నలువది అంగుళములకు మించి సాగినది. గుండు చిన్నదైనది. ఏలయన దూరపు టడవులలో తిరుగువానికి సీసము, మందు రెండును బంగారముతో సమానము. చిన్న గుండైనచో ఒక వీశె సీసముతో మఱి కొన్ని ప్రాణములు దక్కించుకొనవచ్చును. మేపిల్ కొయ్యతో పిడి, పిడికొక ప్రక్క ఇత్తడి మూతగల చిన్న పెట్టె. అది చేయబడినది పెన్సిల్వేనియాలో. పేరు మాత్రము కెంటకీ రైఫిలు. 1815లో న్యూ ఆర్లియన్సు వద్ద జరిగిన యుద్ధమును పొగడుచు పుట్టిన పాట వలన ఆ పేరు వ్యాపించినదట. పంట ఒకరిది, పట్టా ఒకరిది అగుట మనకు క్రొత్త కాదు.

మాకు ఆనాడు ఆతిథ్యమిచ్చినది ఒక వృద్ధుడు. వడ్రంగము చేసి బ్రదికినవాడు. తన రైఫిలు పిడిని తానే రెండు శీతకాలములు కూర్చుండి చెక్కినాడట. ఆ కొయ్యలో పులిచారల వంటి రేఖలుండెను. వాటిని చూపుచు, "ఇవి నేను చెక్కినవి కావు, చెట్టు వ్రాసికొన్నవి" యనెను. ఆయన మాటయాస నాకు సగమే బోధపడినది. మిగిలినది మేనల్లుడు చెప్పినాడు.

ఇక ఆయన తుపాకి నింపిన విధము. మొదట గొట్టమును గుడ్డతో తుడిచెను. కొమ్ములోని మందును నేరుగా గొట్టములో పోయలేదు. ఇత్తడి కొలపాత్రలోనికి వంచి, కొమ్మునకు బిరడా బిగించి ప్రక్కన పెట్టి, పాత్రలోని మందును గొట్టములో పోసెను. తరువాత చిన్న గుడ్డముక్కను మూతిపై పఱచి, దానిపై సీసపు గుండునుంచి, కట్టెతో లోనికి నెట్టి, పొడుగుపాటి కడ్డీతో మందుమీద ఆనువఱకు దట్టించెను. కడ్డీపై ఒక గీటుండెను. ఆ గీటు మూతికి సరిపోయినచో గుండు సరిగా మందుపై కూర్చున్నదన్నమాట. నడుమ ఖాళీ యున్నచో గొట్టము పగులవచ్చును. ఆ గుడ్డయే రహస్యము. గుండు గొట్టముకంటె వెంట్రుకవాసి చిన్నది. గుడ్డ ఆ యెడమును పూరించి గాడులను పట్టుకొని, గుండును త్రిప్పును. మూతి దాటిన పిదప గుడ్డ రాలిపోవును, గుండు సాగిపోవును.

ఆ గుడ్డకు జిగురైన తడి యుండవలెను. ఆయన ఒక గుడ్డముక్కను తీసి నోటిలో పెట్టుకొనెను. నేను త్రుళ్ళిపడితిని. మేనల్లుడు నవ్వి, పందెములలో చాలమంది ఉమ్మితోనే తడుపుదురని చెప్పెను. ఎంగిలి గుడ్డతో గుఱి! నాకు వెంటనే 1857 జ్ఞప్తికి వచ్చినది. ఆనాడు కంపెనీ సిపాయిలకిచ్చిన ఎన్‌ఫీల్డు కూడ మూతినుండి దట్టించు రైఫిలే. దాని తూటా కాగితపుది. కొన పండ్లతో కొఱికి మందు పోయవలెను. కాగితమునకు పూసిన కొవ్వు ఆవుదో పందిదో యను మాట పుట్టినది. మీరటులో ఎనుబదియైదుగురు సిపాయిలు తూటాలు ముట్టమనిరి, సంకెళ్ళు వేసిరి, మఱునాడు మే 10న దేశము మండినది. కారణములు వేయి యుండవచ్చును గాని, రవ్వ పడినది ఈ రంజకము మీదనే. నేను ఉండబట్టక ఆ వృద్ధుని, "ఉమ్మి కానిచో మీరు పూయునదేమి?" అని అడిగించితిని. తేనెమైనము, ఆలివు నూనె కలిపి తానే కాచుకొనెదనని ఆయన ఒక చిన్న డబ్బీ చూపెను. ఆ డబ్బీ 1857లో కంపెనీవారి కొట్టులో నుండినచో చరిత్రకారులకు పని కొంత తగ్గియుండెడిది.

మందు లెక్క కూడ చెప్పి తీఱవలెను. లెక్క లేనిదే నాకు నిద్ర పట్టదు. నల్లమందులో నూటికి 75 పాళ్ళు సురేకారము, 15 బొగ్గు, 10 గంధకము. ఆ సురేకారమును పదునేడు, పదునెనిమిదవ శతాబ్దులలో డచ్చివారును ఆంగ్లేయులును మన బీహారు నేలనుండి ఓడలతో తరలించుకొనిపోయిరి. యూరపులో ప్రేలిన మందులో మన మట్టి యుప్పు చాలనున్నది. ఆ వృద్ధుని గుండు అర అంగుళపు గొట్టమునకు చేసినది. దాని తూకము 177 గ్రెయిన్లని చెప్పినపుడు నేను మనసులో లెక్క కట్టి సంతోషించితిని. మన తులము 180 గ్రెయిన్లు. అనగా తులమునకు మూడు గ్రెయిన్లు తక్కువ. పోసిన మందు 60 గ్రెయిన్లు, అనగా తులములో సరిగా మూడవ వంతు. కంసాలి త్రాసులో తూచదగినది ఆ వేడుక. మందులో రకములు గలవు; ముతకది గొట్టమునకు, పిండివంటిది రంజకపు గిన్నెకు. ఇపుడు తుపాకులలో వాడు పొగలేని మందును ఇందులో పోయరాదు. పోసినచో గొట్టము బ్రద్దలగును.

ఒకసారి కాల్చిన పిదప ఆయన తుపాకిని నిలువుగా నిలిపి, కొంచెము సేపాగి, తడిగుడ్డతో గొట్టమును తుడిచి, పొడిగుడ్డతో మరల తుడిచెను. రెండవసారియు అట్లే. మూడవసారియు అట్లే. ప్రక్కవానితో మాటలాడుచున్నను, నవ్వుచున్నను ఆ పని మఱువలేదు. మేనల్లుడు, "ఇంత జాప్యమెందులకు?" అని అడిగినాడు. ఆయన బదులు చెప్పకముందే నాకు బదులు తెలియును.

1981 సంగతి. నాకపుడు పండ్రెండేండ్లు. మన ఊరికి నల్లమల అడవి దగ్గఱయని మీకు చెప్పనక్కఱలేదు. వేరుసెనగ ఊడలు దిగి కాయ పట్టు సమయమునకు అడవిపందులు గుంపులుగా వచ్చి చేలు త్రవ్విపోసెడివి. మా తండ్రిగారికి పంటకాపలా కొఱకు లైసెన్సుపై నొక తుపాకి యుండెను. మూతినుండి దట్టించి, టోపీ పెట్టి కొట్టునది. మా చేని కావలివాడు మంచె మీద కూర్చుండి రాత్రికి ఒకటి రెండుసార్లు గుండు లేక వట్టి మందు దట్టించి ప్రేల్చెడివాడు. ఆ చప్పుడునకు పందులు పారిపోయెడివి. నేను అమ్మతో పోరి ఒకనాటి రాత్రి మంచె యెక్కితిని. మొదటి ప్రేలుడు విని నా యొడలు పులకరించినది. చీకటిలో గొట్టపు మూతినుండి వెడలిన అగ్నిజిహ్వను నేనింకను మఱువలేదు. "ఇంకొకటి" యంటిని. అతడు నవ్వి ఇంకొకటి ప్రేల్చెను. "ఇంకొకటి, త్వరగా, త్వరగా" యంటిని. పందులు పోయినవని, మందు దండుగ యని అతడు చెప్పెను. నేను వినలేదు. కరణంగారి పిల్లవాడు అడిగినపుడు కాదనుట ఆ రోజులలో అతనికి సాధ్యమా? కొలపాత్ర చీకటిలో ఎచటనో పెట్టెను. వెదకనీయక నేను తొందరచేసితిని. అతడు గేదెకొమ్మును నేరుగా గొట్టపు మూతికి వంచెను.

గొట్టము అడుగున వెనుకటి ప్రేలుడులోని నిప్పుకణము ఆఱక మిగిలియున్నది. పడిన మందు భగ్గున లేచి కొమ్మునంటినది. కొమ్ము అతని చేతిలోనే ప్రేలినది. కుడిచేతి వ్రేళ్ళు మూడు పోయినవి.

మా తండ్రిగారు ఆ రాత్రియే బండి కట్టించి పట్టణమునకు తీసికొనిపోయిరి. ఎట్లు జరిగినదని అడిగినపుడు అతడు, "నాదే తప్పు సామీ, తొందరపడినాను" అని చెప్పెను. నేను ప్రక్కనే నిలిచియుంటిని. నోరు విప్పలేదు. మా తండ్రిగారు తుపాకిని పోలీసు ఠాణాలో అప్పగించి లైసెన్సు వదలుకొనిరి. అతనికి బ్రదికినన్నినాళ్ళు తిండిగింజలు కొలిపించిరి. నన్నేమియు అడుగలేదు. ఆయన పోయిన నాటివఱకు నేనును చెప్పలేదు. పద్దు వ్రాయని బాకీ యిది. ఈ సభలో అతని మనుమడు కూర్చుండియున్నాడు. మన గ్రంథాలయమున దినపత్రిక మొదట విప్పువాడతడే. నేనీ మాటలు చెప్పుదునని అతనికి ముందుగానే చెప్పి, అనుమతి పొందితిని.

ఫ్రెండ్‌షిప్‌లో ఆ వృద్ధునికి ఇదియంతయు మేనల్లునిచే చెప్పించితిని. చెప్పుచున్న మేనల్లునికి కూడ అదే మొదటిసారి వినుట. వాని గొంతు రెండుమార్లు ఆగినది. ఆ వృద్ధుడు కొంతసేపు గడ్డము నిమురుకొనుచు నిలిచెను. "గుఱికట్టు వరుసలో కొమ్మునుండి నేరుగా పోయనీయకుండుట యిందుకే" అని మాత్రము అనెను. పిదప తుపాకిని నా చేతికందించి, "మీరు నింపుడు. మేము తొందరపెట్టము" అనెను. ఆ దేశమున 1968 నాటి ఆయుధచట్టము ఇట్టి దట్టింపు తుపాకులను ప్రాతవస్తువుల క్రింద విడిచిపెట్టినది గనుక పరదేశినైన నేను పట్టుటకు అడ్డు లేదని మేనల్లుడు విచారించి చెప్పెను.

నేను తుడిచితిని. మరల తుడిచితిని. కొలిచితిని, పోసితిని. గుడ్డను మాత్రము నోట పెట్టుకొనలేదు. డబ్బీలోని మైనము రాచితిని. దట్టించి, గీటు చూచితిని. రంజకము వేసితిని. తుపాకి బరువు భుజమున ఆని, గుఱిచూపు చుక్క వణకుచుండెను. ఆయన ఒక్క మాట చెప్పెను: మీట లాగిన పిదప కూడ చూపు త్రిప్పవలదు, చప్పుడు విన్న తరువాత కూడ అయిదు లెక్కించువఱకు కదలవలదు.

ఇందులోనే ఈ వేడుక సారమంతయు నున్నదని నా యభిప్రాయము. భారతమున ద్రోణుడు శిష్యులను పరీక్షించిన కథ మీరెఱుగనిది కాదు. పక్షితల తప్ప మఱేమియు కనబడదనిన అర్జునుడే గెలిచెను. ద్రోణుడు పరీక్షించినది బాణము విడుచుటకు ముందటి చూపు. చెకుముకి రైఫిలు పరీక్షించునది విడిచిన పిదపటి నిలుకడ. మీట లాగుటకును గుండు వెడలుటకును నడుమ కనుఱెప్పపాటు వ్యవధి గలదు. మొగము దగ్గఱనే రంజకము భగ్గుమనును. ఆ మెఱపునకు బెదరినచో, గుండింకను గొట్టములోనే యుండగా గుఱి చెదరును. ఈ జాప్యమును భరింపలేకయే స్కాట్లండులోని బెల్‌హెల్వీ గ్రామపు మతగురువు అలెగ్జాండరు ఫార్సిత్, తాను కాల్చబోవు పక్షులు మెఱపు చూచి యెగిరిపోవుచున్నవని విసిగి, సుత్తిదెబ్బకు మండు మందుతో తుపాకి నంటించు పద్ధతిని కనిపెట్టి 1807లో హక్కు పొందెను. టోపీ తుపాకులు దాని సంతానమే, మా తండ్రిగారిదియు. ఇపుడు ఈ సరదాగాండ్రు చాలమంది ఆ సౌకర్యమును కాదని చెకుముకికే మరలి పోవుచున్నారు. వారిని అడిగినచో కారణము సరిగా చెప్పలేరు. నాకు మాత్రము ఆ క్షణమున తెలిసినది.

మీట లాగితిని. మెఱపు. వెంటనే, కాదు, వెంటనే కాదు, ప్రేలుడు. పొగ. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. పొగ విడిన పిదప దుర్భిణిలో చూచిరి. నల్లచుక్కకు చాల దిగువను, ఎడమమూల, కాగితపు అంచున ఒక తూటు. ఆ వృద్ధుడు నా వీపు తట్టి, కాగితము తప్పలేదు గదా యనెను. ఆ కాగితము ఇపుడు మన గ్రంథాలయపు పెద్దబల్ల మీద నున్నది. సభ ముగిసిన పిదప చూడదలచినవారు చూడవచ్చును. నవ్వదలచినవారు నవ్వవచ్చును.

ఇంకొకసారి కాల్చుమనిరి. చాలునంటిని.

సాయంకాలము వారందఱు కూర్చుండి తుపాకులు కడిగిరి. మందు కాలిన మసి గాలిలోని తేమను లాగి ఇనుమును తినివేయును. కనుక ఆనాడే సబ్బునీటితోను, వేడినీటితోను కడిగి, ఆఱబెట్టి, నూనె పూయవలెను. గంటసేపు కాల్చినవాడు గంటసేపు కడుగవలెను. కడుగుటకు బద్ధకించువాడు ఈ వేడుకకు తగడని ఒక స్త్రీ తన కుమారునితో చెప్పుచుండెను. కుఱ్ఱవానికి పదేండ్లుండును, మూతి ముడుచుకొని కడుగుచునే యుండెను. పిల్లలను ముందు కడుగుటకు పెట్టి తరువాత కాల్చుటకు పెట్టు ఆ పద్ధతి నాకు మెచ్చదగినదిగా తోచినది. నాకు తలక్రిందుగా జరిగినది.

ఇచటి యువకులు కొందఱు నన్ను ముందే అడిగిరి: అట్టి సంఘము మనమును పెట్టుకొనవచ్చునా? దాపరికము లేక చెప్పెదను. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే ఇట్టి తుపాకి యుంచరాదు. నిజముగా పంటకాపలా కొఱకైనచో రైతునకు దట్టింపు తుపాకి లైసెన్సు నిచ్చు వీలు ఆ చట్టములోనే గలదు. ఇంట మందు నూఱుటయు నేరమే, ప్రాణాపాయమును. 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము వేట నిషిద్ధము. నాటు తుపాకులు పొదలలో దాచి దుప్పులను, పందులను కొట్టువారి సంగతి నేనెఱుగుదును, మీరును ఎఱుగుదురు. దానికిని నేను చూచిన వేడుకకును ఇనుము తప్ప పోలిక లేదు. పాత తుపాకుల సొగసు చూడదలచినవారు హైదరాబాదు వెళ్ళినపుడు సాలార్‌జంగు ప్రదర్శనశాలలోని ఆయుధముల గదిలో ఒక పూట గడుపవచ్చును. గొట్టములపై పోతపోసినట్లున్న వెండిబంగారు లతలను చూడుడు. గుఱ్ఱము దవడను, రంజకపు గిన్నెను గుర్తుపట్టుడు. ఇక యంత్రముల చరిత్ర, లోహముల చరిత్ర, సిపాయిల చరిత్ర చదువుటకు మన బీరువాలున్నవి. చందా మాత్రము సకాలమున కట్టవలెను. ఈ మాట కోశాధికారి పక్షమున చెప్పుచున్నాను.

ఒక్క సంగతి చెప్పి విరమించెదను. అమెరికానుండి వచ్చిన మూడవనాడు నేనతని యింటికి వెళ్ళితిని. అపుడతనికి ఎనుబదికి చేరువ. వేపచెట్టు నీడను కుక్కిమంచముపై కూర్చుండియుండెను. ఎడమచేతితోనే చిక్కుడుకాయలు త్రుంచుచుండెను. నేను నేలపై కూర్చుండబోగా వలదని గొడవచేసెను. కూర్చుంటిని. ఆ రాత్రి తొందరపెట్టినది నేనని, నాడు పలుకక నిలిచినదియు నేనని చెప్పితిని. "మీరు పిల్లోళ్ళు సామీ, నాకు తెలవదా" అని అతడు కాయలు త్రుంచుచునే యుండెను. పిదప ఫ్రెండ్‌షిప్ సంగతులు చెప్పితిని. పులిచారల కొయ్య, ఇత్తడి కొలపాత్ర, ఆడవారు తుపాకి కాల్చుట, నా గుండు కాగితపు అంచున తగులుట. అన్నియు విని అతడు చాలసేపు ఏమియు అనలేదు.

"గొట్టం తుడుస్తారా సామీ, కొట్టిన ప్రతిసారీ?"

తుడుచుదురంటిని.

"తడిగుడ్డతోనా?"

మొదట తడిగుడ్డ, పిదప పొడిగుడ్డ యంటిని.

అతడు తల యూచి, చిక్కుడుకాయలు సగము నా వైపునకు జరిపెను. ఇద్దఱమును త్రుంచితిమి.